ప్రసార భారతి ఎవరికి జవాబు చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకాశవాణి వింటూ పెరిగినవాళ్లు, దూరదర్శన్ చూస్తూ పెరిగినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఆ రెండిటినీ నడిపేదెవరు, తప్పు జరిగితే ఎవరిని అడగాలి అంటే మాత్రం చాలామంది "ఢిల్లీ వాళ్లు" అని ఊరుకుంటారు. నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ప్రసార భారతి అంటే ఏమిటి? ఆకాశవాణి, దూరదర్శన్ వేరే సంస్థలా?

ప్రసార భారతి పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన సంస్థ. ఆ చట్టం 1990 నాటిది. ఆకాశవాణి, దూరదర్శన్ దాని రెండు విభాగాలు. మన దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి, హైదరాబాద్, విజయవాడ ఆకాశవాణి కేంద్రాలు, ఊరి డాబాల మీద కనిపించే ఉచిత డిష్ సర్వీసు డీడీ ఫ్రీడిష్ అన్నీ దీని కిందివే.

అంటే ప్రభుత్వ శాఖే కదా?

చట్టం ప్రకారం కాదు. 1997 వరకు ఆకాశవాణి, దూరదర్శన్ సమాచార ప్రసార మంత్రిత్వ శాఖలో భాగంగానే ఉండేవి. డైరెక్టర్ జనరల్ ఫైలు మంత్రి బల్ల మీదికి వెళ్లేది. ఇప్పుడు పైన ఒక పాలక మండలి ఉంది, ఏం ప్రసారం చేయాలో నిర్ణయించే అధికారం దానిది. అయితే డబ్బు, ఉద్యోగులు, నిబంధనలు అనే మూడు తాళ్లు ఇప్పటికీ మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉన్నాయి. కాగితం మీద స్వయంప్రతిపత్తికీ రోజువారీ స్వయంప్రతిపత్తికీ దూరం అక్కడే మొదలవుతుంది.

ఈ చట్టం ఎలా వచ్చింది?

ఎమర్జెన్సీ గాయం నుంచి వచ్చింది. 1975 నుంచి 1977 వరకు రేడియోలో ప్రభుత్వం గొంతు తప్ప ఇంకేదీ వినిపించలేదు. ఆలిండియా రేడియోని జనం "ఆలిందిరా రేడియో" అన్నది ఆ రోజుల్లోనే. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక జర్నలిస్టు బి.జి. వర్గీస్ అధ్యక్షతన కమిటీ వేసింది. ప్రసారాలను ప్రభుత్వం చేతుల్లోంచి తీసి ఒక స్వతంత్ర ట్రస్టుకి ఇవ్వాలని ఆ కమిటీ 1978లో చెప్పింది. 1979లో ఒక బిల్లు వచ్చింది కానీ ప్రభుత్వం పడిపోవడంతో అదీ పోయింది.

తరువాతి కథలో మనవాళ్లు ముగ్గురు ఉన్నారు. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార ప్రసార మంత్రిగా ఉన్న పర్వతనేని ఉపేంద్ర ఈ చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించారు. నెగ్గిన చట్టాన్ని తరువాతి ప్రభుత్వాలు అమలు చేయకుండా ఏడేళ్లు పక్కన పెట్టాయి. ఈలోగా 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ మ్యాచ్ ప్రసార హక్కుల మీద వచ్చిన కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చెప్పిన ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ఆయన తన తీర్పు విడిగా రాశారు. చివరికి 1997లో గుజ్రాల్ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న ఎస్. జైపాల్ రెడ్డి హయాంలో సెప్టెంబరు 15న చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది నవంబరు 23న సంస్థ ఏర్పడింది.

చట్టం చేసి ఏడేళ్లు దాచిపెట్టిన తప్పు ఒక్క పార్టీదే కాదు. అధికారంలో ఉన్నవాళ్లెవరికీ రేడియోని వదులుకోవాలని ఉండదు.

పాలక మండలిలో ఎవరుంటారు?

చట్టం ప్రకారం 15 మంది. చైర్మన్ ఒకరు. రోజువారీ పనులు చూసే కార్యనిర్వాహక సభ్యుడు ఒకరు, ఆయన్నే సీఈవో అంటాం. ఆర్థిక వ్యవహారాలకు ఒకరు, సిబ్బంది వ్యవహారాలకు ఒకరు పూర్తికాలపు సభ్యులు. ఆరుగురు పార్ట్‌టైమ్ సభ్యులు. ఆకాశవాణి, దూరదర్శన్ డైరెక్టర్ జనరల్స్ ఇద్దరు. మంత్రిత్వ శాఖ పంపే ప్రతినిధి ఒకరు. ఇక చివరి ఇద్దరు ఉద్యోగుల ప్రతినిధులు. ఒకరిని ఇంజినీరింగ్ సిబ్బంది, మరొకరిని మిగతా ఉద్యోగులు తమలోంచి ఎన్నుకోవాలి.

సీట్లన్నీ నిండి ఉంటే ఇది చక్కని ఏర్పాటు. పదిహేనులో మంత్రిత్వ శాఖది ఒక్క ఓటే. కానీ పార్ట్‌టైమ్ సభ్యుల సీట్లు ఖాళీగా ఉన్న కాలం చాలా ఉంది, చైర్మన్ లేని కాలమూ ఉంది. అలాంటప్పుడు ఉన్న ఆ నలుగురైదుగురిలో మంత్రిత్వ శాఖ మాట బరువు పెరుగుతుంది. నియామకం ఆలస్యం చేస్తే చాలు, చట్టం మార్చకుండానే సంస్థను తమ వైపు వంచుకోవచ్చు.

వీళ్లను ఎవరు నియమిస్తారు?

రాష్ట్రపతి నియమిస్తారు. పేర్లు సూచించేది ముగ్గురు సభ్యుల కమిటీ. రాజ్యసభ చైర్మన్, అంటే ఉపరాష్ట్రపతి, దానికి అధ్యక్షుడు. ప్రెస్ కౌన్సిల్ చైర్మన్, రాష్ట్రపతి నామినీ మిగతా ఇద్దరు. 2017 నుంచి 2022 వరకు ఉపరాష్ట్రపతిగా ఉన్న ఎం. వెంకయ్య నాయుడు ఆ హోదాలో ఈ కమిటీకి అధ్యక్షత వహించాల్సిన వ్యక్తి.

ఈ పద్ధతిలో మంచి ఉంది. మంత్రి నేరుగా తన మనిషిని కూర్చోబెట్టలేడు. లోపమూ ఉంది. కమిటీలో ప్రతిపక్ష నాయకుడికి చోటు లేదు. ఎవరి పేర్లు పరిశీలించారో, ఎందుకు కాదన్నారో బయటికి రాదు. సీబీఐ డైరెక్టర్‌ని ఎంపిక చేసే కమిటీలో ప్రతిపక్ష నాయకుడు ఉంటాడు, ప్రజల రేడియోని నడిపేవాళ్ల ఎంపికలో ఉండడు. ఇది సరిదిద్దాలని నా అభిప్రాయం.

ప్రభుత్వానికి నచ్చకపోతే చైర్మన్‌నో సీఈవోనో తీసేయొచ్చా?

ఊరికే తీసేయడానికి వీల్లేదు. దుష్ప్రవర్తన ఆరోపణ ఉంటే రాష్ట్రపతి ఆ విషయాన్ని సుప్రీంకోర్టుకు పంపాలి. కోర్టు విచారించి తప్పు ఉందని చెప్పాకే తొలగించాలి. 2010 డిసెంబరులో, కామన్‌వెల్త్ క్రీడల ప్రసార కాంట్రాక్టు వివాదంలో, అప్పటి సీఈవో విషయంలో ఈ దారే పట్టారు. ఆయన్ని సస్పెండ్ చేసి, వ్యవహారాన్ని కోర్టుకు పంపారు.

కానీ తలుపు మూస్తే కిటికీ ఉంది. మొదటి సీఈవో ఎస్.ఎస్. గిల్ సంగతి చూడండి. ఆయనకు వయోపరిమితి దాటింది కాబట్టి 1997లో గుజ్రాల్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ పరిమితిని తొలగించింది. 1998లో వాజ్‌పేయి ప్రభుత్వం ఇంకో ఆర్డినెన్సుతో పాత నిబంధన తిరిగి తెచ్చింది. గిల్ పదవి పోయింది. విచారణ లేదు, కోర్టు లేదు. వయసు అంకె మారిస్తే సరిపోయింది.

2008 సవరణ తరువాత చైర్మన్ పదవీకాలం మూడేళ్లకు మించదు, లేదా 70 ఏళ్లు నిండేదాకా. సీఈవోకి ఐదేళ్లు, లేదా 65 ఏళ్లు నిండేదాకా.

ఫలానాది వేయండి, ఫలానాది ఆపండి అని కేంద్రం ఆదేశించవచ్చా?

కొన్ని సందర్భాల్లో అధికారికంగానే ఆదేశించవచ్చు. దేశ సార్వభౌమత్వం, ఐక్యత, భద్రత, శాంతిభద్రతల కోసం ఒక విషయాన్ని ప్రసారం చేయవద్దని చెప్పవచ్చు. ప్రజలకు ముఖ్యమైన విషయమైతే ప్రసారం చేయమని చెప్పవచ్చు. ఇది చట్టంలోని 23వ సెక్షన్.

ఈ సెక్షన్‌లో నాకు బాగా నచ్చే రెండు మాటలున్నాయి. ఆదేశం మేరకు చేసిన ప్రసారమైతే, ఆ సంగతి సంస్థ కావాలనుకుంటే శ్రోతలకు చెప్పవచ్చు. ఆ ఆదేశం కాపీని పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. అంటే ప్రభుత్వం చెయ్యి పెడితే ఆ చెయ్యి కనిపించాలని చట్టం చేసినవాళ్లు అనుకున్నారు.

అసలు చిక్కు కనిపించని చేతితోనే. ఫోన్లో చెప్పిన మాటకు కాపీ ఉండదు, పార్లమెంటు ముందుకు రాదు.

మండలి పదే పదే ఆదేశాలు పాటించకపోతే ప్రభుత్వం పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలి. పార్లమెంటు సిఫారసు చేస్తేనే రాష్ట్రపతి మండలిని రద్దు చేయవచ్చు, అదీ ఆరు నెలలకు మించకుండా.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకప్పుడు రేడియోకి, టీవీకి లైసెన్సు ఉండేది. పోస్టాఫీసుకి వెళ్లి ఏడాదికోసారి డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునేవాళ్లు. 1980ల్లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు జీతాల భారం చాలావరకు కేంద్ర బడ్జెట్ గ్రాంటు మీదే. ప్రకటనలు, ఫ్రీడిష్‌లో ప్రైవేటు చానళ్లకు స్లాట్ల వేలం, టవర్ల అద్దె వంటివి సొంత ఆదాయం. పరికరాలు, కొత్త ట్రాన్స్‌మిటర్ల కోసం విడిగా పథకాలు ఉంటాయి. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం అలాంటి ఒక పథకానికి 2025-26 వరకు 2,539.61 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

గ్రాంటు ఇచ్చే చెయ్యే గ్రాంటు ఆపగలదు కూడా. 2018లో అప్పటి చైర్మన్ ఎ. సూర్యప్రకాశ్, మంత్రిత్వ శాఖ జీతాల డబ్బు ఆపిందని బాహాటంగా అన్నారు. మంత్రిత్వ శాఖ దాన్ని ఖండించింది. ఎవరిది నిజమైనా, చైర్మన్ జీతాల కోసం పత్రికలకెక్కాల్సిన పరిస్థితి రావడమే బాధాకరం. శ్యాం పిట్రోడా అధ్యక్షతన వేసిన నిపుణుల కమిటీ 2014లో ఇచ్చిన నివేదికలో, ఆస్తుల యాజమాన్యం, నిర్వహణ పూర్తిగా ప్రసార భారతికే బదిలీ చేయాలని సూచించింది.

ఉద్యోగులు ఎవరి ఉద్యోగులు?

2007 అక్టోబరు 5కి ముందు చేరినవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులే, ప్రసార భారతిలో డిప్యుటేషన్ మీద ఉన్నట్టు లెక్క. తరువాత చేరినవాళ్లు సంస్థ ఉద్యోగులు. వీళ్లు కాక గంటల లెక్కన, రోజుల లెక్కన పనిచేసే క్యాజువల్ అనౌన్సర్లు, కాంట్రాక్టు సిబ్బంది ఉన్నారు. మనం రోజూ వినే గొంతుల్లో చాలా వాళ్లవే. పాలక మండలికి ఉద్యోగుల ప్రతినిధులను ఎన్నుకోవాలని చట్టం చెబుతోంది సరే, ఈ గొంతులకు అందులో వాటా ఎక్కడుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

లెక్కలు ఎవరు చూస్తారు?

కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్). ఏటా పద్దులు తనిఖీ చేస్తుంది. ఆ నివేదిక, సంస్థ వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వస్తాయి. ఎంపీలు ప్రశ్నలు అడగవచ్చు. కమ్యూనికేషన్లు, సమాచార సాంకేతిక విషయాల పార్లమెంటరీ స్థాయీ సంఘం మంత్రిత్వ శాఖ గ్రాంట్లను పరిశీలించేటప్పుడు ప్రసార భారతినీ చూస్తుంది. జవాబుదారీతనంలో కొంచెమైనా సక్రమంగా నడుస్తున్న భాగం ఇదే.

మరి శ్రోత, ప్రేక్షకుడు ఎవరిని అడగాలి?

చట్టం దీనికి రెండు ద్వారాలు కట్టమంది.

మొదటిది పార్లమెంటరీ కమిటీ. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7గురు, మొత్తం 22 మంది. పార్టీల బలాన్ని బట్టి దామాషా పద్ధతిలో ఎన్నిక, కాబట్టి ప్రతిపక్షానికీ చోటు ఖాయం. సంస్థ చట్టం చెప్పిన లక్ష్యాల ప్రకారం నడుస్తోందా అని చూడడం, పార్లమెంటుకు నివేదిక ఇవ్వడం దీని పని.

రెండవది ప్రసార మండలి. ఒక అధ్యక్షుడు, పదిమంది ప్రముఖులు, నలుగురు ఎంపీలు. ఎవరైనా పౌరుడు దీనికి ఫిర్యాదు చేయవచ్చు. కార్యక్రమం చట్టం చెప్పిన లక్ష్యాలకు విరుద్ధంగా ఉందని అనవచ్చు. తనకు అన్యాయం చేశారని, తన మాటలు వక్రీకరించారని, తన వ్యక్తిగత జీవితంలోకి చొరబడ్డారని అనవచ్చు. ఫిర్యాదు సబబే అనిపిస్తే మండలి సీఈవోకి సలహా ఇస్తుంది. సీఈవో ఒప్పుకోకపోతే పాలక మండలి ముందు పెట్టాలి. అదీ ఒప్పుకోకపోతే కారణాలు రాసివ్వాలి. ప్రసార మండలి తన సిఫారసును రేడియోలో, టీవీలో చదివించమని కూడా అనవచ్చు. అవసరమైతే ప్రాంతీయ మండళ్లు పెట్టుకోవచ్చు. అంటే తెలుగు ప్రసారాల మీద తెలుగులో విని, తెలుగులో జవాబిచ్చే మండలి ఒకటి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉండగలిగేది.

ఈ రెండిటిలో ఒక్కటీ ఇప్పటిదాకా ఏర్పడలేదు. చట్టం అమల్లోకి వచ్చి పాతికేళ్లు దాటింది. 1997 ఆర్డినెన్సు పార్లమెంటరీ కమిటీని తీసేసింది, 1998 ఆర్డినెన్సు తిరిగి పెట్టింది, కానీ పుస్తకంలోనే. ప్రధాన పార్టీలు చాలావరకు ఈ మధ్యలో అధికారంలోనో భాగస్వామ్యంలోనో ఉన్నాయి. ప్రసార భారతి గురించి ఎవరైనా నన్ను ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను: పౌరుడి కోసం రాసిన మూడు సెక్షన్లు, 13, 14, 15, పనిలోకి రానేలేదు.

వార్తల్లో పక్షపాతం ఉందా?

చట్టంలో ఉన్న లక్ష్యం స్పష్టం. పౌరుడు స్వేచ్ఛగా, నిజంగా, నిష్పాక్షికంగా సమాచారం పొందే హక్కును కాపాడాలి. భిన్నాభిప్రాయాలు వినిపించాలి. సంస్థ తన సొంత సిద్ధాంతమేదీ ప్రచారం చేయకూడదు.

ఆచరణలో జరిగినవి రెండు మూడు చెబుతాను. 2014 ఏప్రిల్‌లో యూపీఏ అధికారంలో ఉండగా, ప్రధాని అభ్యర్థిగా ఉన్న నరేంద్ర మోదీ ఇంటర్వ్యూలో కొన్ని భాగాలు కోసేసి డీడీ న్యూస్ ప్రసారం చేసిందని గొడవైంది. అదే ఏడాది అక్టోబరులో, ప్రభుత్వం మారాక, ఆర్ఎస్ఎస్ అధిపతి విజయదశమి ప్రసంగాన్ని ప్రత్యక్ష ప్రసారం చేయడం మీద విమర్శలొచ్చాయి. 2017 ఆగస్టులో త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మార్చి ఇవ్వమన్నారు. ఆయన మార్చలేదు, ప్రసంగం ప్రసారం కాలేదు.

ఈ మూడిటిలో ఎవరి పక్షాన ఎవరు మాట్లాడినా, తేల్చాల్సిన చోటు ప్రసార మండలి. అది లేదు కాబట్టి ప్రతిసారీ టీవీ చర్చల్లో రెండు రోజులు అరుచుకుని మర్చిపోయాం.

ప్రైవేటు చానళ్లు ఇన్ని ఉండగా ఇంత పట్టింపు ఎందుకు?

వార్తలకైతే టీవీలో ఉన్నాయి. రేడియోలో లేవు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌నే వేసుకోవాలి. అంటే రేడియో వార్తల్లో ఒకటే గొంతు. పొలంలో, ఆటోలో, చేపల పడవలో రేడియో మీదే ఆధారపడేవాడికి రెండో గొంతు లేదు. తుపాను హెచ్చరిక ఆ గొంతులోనే, ఎన్నికల వార్త ఆ గొంతులోనే.

ఎన్నికలప్పుడు పార్టీలకు సమయం ఎలా ఇస్తారు?

ఇది బాగా నడిచే పద్ధతి. గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీలకు ఎన్నికల సంఘం పర్యవేక్షణలో ఉచిత సమయం ఇస్తారు. అందరికీ కొంత సమానంగా, ఆపైన గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో లాటరీ తీస్తారు. 1998 లోక్‌సభ ఎన్నికల నుంచి ఇది నడుస్తోంది. రాసిన నియమం, చూసే మూడో వ్యక్తి ఉంటే ప్రసార భారతి నిష్పక్షపాతంగా ఉండగలదని దీన్ని బట్టి తెలుస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వాలకు ఇందులో పాత్ర ఉందా?

లేదు. ప్రసారాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని అంశం. పాలక మండలిలో రాష్ట్రాలకు సీటు లేదు.

బీబీసీ పద్ధతి ఏమిటి?

బీబీసీ రాయల్ చార్టర్‌తో, అంటే బ్రిటన్ రాజు పేరిట ఇచ్చే అధికార పత్రంతో నడుస్తుంది. ఇప్పటిది 2017 నుంచి 2027 చివరి వరకు. ఇళ్ల నుంచి వసూలయ్యే లైసెన్సు ఫీజు ప్రధాన ఆదాయం. ఆఫ్‌కామ్ అనే స్వతంత్ర నియంత్రణ సంస్థ 2017 నుంచి దాన్ని చూస్తోంది. బీబీసీ ఇచ్చిన జవాబు నచ్చకపోతే పౌరుడు ఆఫ్‌కామ్‌కి వెళ్లవచ్చు. బీబీసీ మీదా రాజకీయ ఒత్తిళ్లు ఉన్నాయి, చైర్మన్ నియామకాల మీద గొడవలూ అయ్యాయి. కానీ ఫిర్యాదుకి ఒక చిరునామా ఉంది.

ప్రైవేటు చానల్ మీద ఫిర్యాదు కూడా ఇక్కడే చేయాలా?

కాదు. ముందు ఆ చానల్‌కి, తరువాత అది చేరిన స్వీయ నియంత్రణ సంస్థకి, ఆపైన మంత్రిత్వ శాఖకి.

ఇప్పుడున్న పరిస్థితిలో నేను చేయగలిగింది ఏమిటి?

మొదట ఆ ఆకాశవాణి లేదా దూరదర్శన్ కేంద్రం అధిపతికి ఉత్తరమో మెయిలో రాయండి. తేదీ, సమయం, కార్యక్రమం పేరు తప్పకుండా రాయండి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి. మీ ఎంపీకి రాసి పార్లమెంటులో అడగమనండి. అన్నిటికన్నా పదునైనది సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ). ప్రసార భారతి దాని పరిధిలో ఉంది. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లోగా అదే సంస్థలో మొదటి అప్పీలు, తరువాత 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. ఆ ప్రాంతపు అధికార భాషలో రాసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. మేము వినే ఒక కేంద్రంలో పొద్దుటి రైతుల కార్యక్రమం కొన్ని వారాలపాటు ఆగిపోయి, ఆ టైములో వేరే చోటి రిలే వచ్చింది. మా నాన్న రోజూ అదే టైముకి రేడియో పెట్టి, కాసేపు విని కట్టేసేవారు. రెండు ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. ఆర్టీఐ వేస్తే నాలుగు వారాల్లో జవాబొచ్చింది: కార్యక్రమం చేసే పోస్టు ఖాళీగా ఉంది, భర్తీ కాలేదు. కోపం పోలేదు కానీ, తప్పు స్టూడియోలో వాళ్లది కాదని తెలిసింది. తరువాతి ఉత్తరం ఎవరికి రాయాలో కూడా తెలిసింది.

ఆర్టీఐలో ఏం అడగాలి?

అభిప్రాయాలు అడగకండి, కాగితాలు అడగండి. పాలక మండలిలో ఇప్పుడు ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఎప్పటి నుంచి? గత ఏడాది మండలి ఎన్నిసార్లు సమావేశమైంది, మినిట్స్ కాపీ ఇవ్వండి. మీ కేంద్రంలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని? రోజుకు ఎన్ని గంటలు సొంత తెలుగు కార్యక్రమాలు, ఎన్ని గంటలు రిలే? గత ఐదేళ్లలో 23వ సెక్షన్ కింద వచ్చిన ఆదేశాలు ఎన్ని? 13, 14 సెక్షన్ల కింద పార్లమెంటరీ కమిటీ, ప్రసార మండలి ఏర్పాటు మీద మంత్రిత్వ శాఖతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల కాపీలు ఇవ్వండి. ఈ చివరి ప్రశ్న ప్రసార భారతికి ఒకటి, మంత్రిత్వ శాఖకు ఒకటి విడివిడిగా పంపండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చదవండి.